చేతిలో ఉన్న 7,000 రూపాయలు పిల్లి ఆపరేషన్‌కా, బీమాకా?

నరసాపురం దగ్గరి పల్లె నుంచి ఒక పాఠకురాలు వివరంగా రాశారు. సావిట్లో ధాన్యం బస్తాల వెనక ఈనిన పిల్లి బండి కిందపడి చనిపోతే, మిగిలిన రెండు కూనల్ని పాపా తనూ కలిసి పాలపీకతో పెంచారు. ఇప్పుడు వాటికి నాలుగు నెలలు. మూడు రంగులదాని పేరు చుక్క, అది ఆడది. నారింజ రంగుదాని పేరు పండు, అది మగది అనుకుంటున్నారు. నులిపురుగుల మందు వేశారు, టీకాలు ఇంకా వేయించలేదు. కుట్టుమిషన్ మీద సంపాదించి దాచుకున్న 7,000 రూపాయలు ఆవిడ చేతిలో ఉన్నాయి. భీమవరంలో ఒక పశువైద్యుడు పిల్లలు పుట్టకుండా ఆడదానికి చేసే ఆపరేషన్‌కు 5,500, మగదానికి 3,000 చెప్పారు. ఇంతలో ఒక బీమా ఏజెంటు ఫోన్ చేసి, రెండింటికీ కలిపి ఏడాదికి 4,200 కడితే "ఆపరేషన్లన్నీ అందులోనే వచ్చేస్తాయి" అన్నాడు. పండుకి వారం నుంచి కళ్లు నీరు కారుతున్నాయని, తుమ్ముతున్నాడని చెబితే "అది ఫారంలో రాయకండి మేడమ్" అని సలహా ఇచ్చాడు.

ఇంట్లో సంగతి చూస్తే, అత్తగారు "ఒక్క కాన్పన్నా కానివ్వమ్మా, పిల్లి ఉసురు మంచిది కాదు" అంటున్నారు. ఆపరేషన్ చేస్తే ఎలకల్ని పట్టదని భర్త భయం. ఊళ్లో కాంపౌండరు నాలుగైదు నెలలకోసారి ఒక ఇంజెక్షన్ వేస్తే చాలంటున్నాడు. పక్కింటి పిల్లి ఆపరేషన్ అయిన రాత్రే చనిపోవడం కళ్లారా చూసిన ఈవిడకి కాళ్లూ చేతులూ ఆడటం లేదు. ఆవిడ అడిగేది: ముందు బీమా తీసుకుని ఆ డబ్బుతో ఆపరేషన్ చేయించుకోవచ్చా? ఒకదానికే చేయిస్తే సరిపోతుందా? అసలు ఇప్పుడే చేయించాలా?

అమ్మా, ముందు ఏజెంటు మాట తేల్చుకుందాం, ఎందుకంటే మీ ఆలోచనంతా దాని మీదే నిలబడి ఉంది. పెంపుడు జంతువుల పాలసీలు ప్రమాదాలకు, అనుకోకుండా వచ్చే జబ్బులకు. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ మనం తేదీ చూసుకుని చేయించేది. అందుకని టీకాలు, నులిపురుగుల మందు, కాన్పు ఖర్చులతో పాటు దాన్ని కూడా మామూలుగా మినహాయింపుల్లో పెడతారు. ఆ ఆపరేషన్ తర్వాత కుట్లు ఊడినా, చీము పట్టినా అయ్యే ఖర్చు కూడా చాలా పాలసీల్లో రాదు. రంగుల కరపత్రం వద్దని, పాలసీ షరతుల పూర్తి కాగితం పంపమని ఏజెంటుని అడగండి. అతను చెప్పింది ఏ పేజీలో ఉందో చూపించమనండి. చూపించలేకపోతే ఆ 4,200తో మీ ఆపరేషన్ ఖర్చులో ఒక్క రూపాయి తగ్గదు. పశువుల బీమా పథకాల మీద కూడా ఆశ పెట్టుకోవద్దు. అవి గేదెలు, ఆవులు, గొర్రెలు, మేకల కోసం పెట్టినవి.

పండు తుమ్ములు దాచమనడం ఇంకా పెద్ద తప్పు. పాలసీ తీసుకునేనాటికే ఉన్న జబ్బుకి కంపెనీ ఎలాగూ డబ్బివ్వదు. దాచినట్టు తేలితే, రేపు కాలు విరిగి క్లెయిమ్ పెట్టినా "మీరు నిజం చెప్పలేదు" అని మొత్తం పాలసీనే రద్దు చేయొచ్చు. ఫారం మీద ఉండేది మీ సంతకం, ఏజెంటుది కాదు.

ఇక ఆ తుమ్ముల గురించి. తల్లిపాలు సరిగా దక్కని కూనల్లో ఇది చాలావరకు పిల్లుల జలుబు, వైరస్‌తో వచ్చేది. వేడినీళ్లు చల్లార్చి, దూదితో ఒక్కో కంటికి ఒక్కో ముక్క వాడి తుడవండి. మెడికల్ షాపులో మనుషుల కంటి చుక్కలు కొని వేయకండి. వాటిలో స్టీరాయిడ్ ఉంటే, ఈ వైరస్ ఉన్న కంట్లో నల్లగుడ్డు మీద పుండు పడి చూపే పోవచ్చు. ముక్కు మూసుకుపోతే వాసన తెలీక తిండి మానేస్తారు. ఉడికించిన చేపని గోరువెచ్చగా ముళ్లు తీసి పెడితే తింటారు. ఒక రోజంతా తినకపోతే మాత్రం డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాల్సిందే. జలుబున్నప్పుడు మత్తిస్తే ఊపిరి ఇబ్బంది అవుతుంది కాబట్టి, పూర్తిగా తగ్గి మరో రెండు వారాలు గడిచేదాకా పండుకి ఆపరేషన్ చేయించకూడదు. ఎవరికి ముందన్న ప్రశ్న దీంతోనే సగం తేలిపోయింది. ఎందుకైనా మంచిది, పండు మగదేనో కాదో కూడా డాక్టరుతో చూపించుకోండి. మూడు రంగులవి దాదాపు అన్నీ ఆడవే. నారింజ రంగువి ఎక్కువ మగవే గానీ అన్నీ కావు.

చుక్క విషయంలో ఆలస్యానికి చోటు లేదు. ఆడపిల్లులు నాలుగో నెల నుంచే ఎదకి రావచ్చు, ఐదారు నెలలకి ఎక్కువగా వస్తాయి. నేల మీద దొర్లుతూ వింత గొంతుతో అరవడం, నడుం మీద చెయ్యి వేస్తే వెనక భాగం పైకెత్తి తోక పక్కకి తిప్పడం, వెనక కాళ్లతో తొక్కడం దాని గుర్తులు. చూసినవాళ్లు కడుపునొప్పి అనుకుంటారు. మగపిల్లితో జతకట్టకపోతే వారం, పది రోజుల్లో తగ్గి, రెండు మూడు వారాల్లో మళ్లీ వస్తుంది. వాటికి అన్నాచెల్లెళ్లన్న వరస ఉండదు. పండు ఆరు నెలలకే సిద్ధంగా ఉంటాడు, వీధిలో గండుపిల్లులు ఎలాగూ ఉన్నాయి. జతకట్టిన 63 నుంచి 65 రోజుల్లో కూనలు పుడతాయి. అవి పాలు తాగుతుండగానే తల్లి మళ్లీ చూలు కట్టగలదు. అందుకని నాలుగున్నర, ఐదు నెలల మధ్య, బరువు 2 కిలోలకి దగ్గరగా ఉన్నప్పుడు చేయించడం మంచిది. కిరాణా కొట్లో కాటా మీద బుట్టతో సహా తూచి, బుట్ట బరువు తీసేయండి. నెలకి సుమారు అరకిలో చొప్పున పెరుగుతున్న కూన ఆరోగ్యంగా ఉన్నట్టే. ఎదలో ఉండగా చేస్తే గర్భసంచికి రక్తం ఎక్కువ పారుతూ ఉంటుంది, అందుకే చాలామంది డాక్టర్లు తగ్గేదాకా ఆగమంటారు.

ఈ వారమే చుక్కకి మొదటి టీకా వేయించండి. మూడు జబ్బులకి కలిపి వేసే ట్రైక్యాట్ అది. మూడు నాలుగు వారాలకి రెండోది, దాంతో పాటు రేబిస్ టీకా. మొదటి టీకాకీ ఆపరేషన్‌కీ మధ్య రెండు వారాలు ఉంటే చాలు. టీకా కార్డు మీద డాక్టరు ముద్ర, రిజిస్ట్రేషన్ నంబరు ఉండేలా చూసుకోండి. తర్వాత బీమా తీసుకోవాలనుకుంటే మొదట అడిగేది ఆ కార్డే. పాపని కూన కరిచినా, గీరినా, పదిహేను నిమిషాలు సబ్బుతో, పారే నీళ్లతో కడిగి ఆ రోజే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లండి.

ఆ 7,000 ఎటు పెట్టినా ఫలితం వేరుగా ఉంటుంది. భీమవరంలో చుక్కకి చేయిస్తే 1,500 మిగులుతుంది, టీకాలకి వాడుకోవచ్చు. పండుది కొన్ని నెలలు వాయిదా పడుతుంది. ఆ లోపు అతను గోడలకి ఘాటుగా పోయడం, రాత్రిళ్లు తిరగడం, కొట్లాడి చీముగడ్డలు తెచ్చుకోవడం మొదలెట్టొచ్చు, కానీ ఇంట్లో కూనలు మాత్రం పుట్టవు. చౌక కదా అని, పండు జలుబు తగ్గాక ముందు అతనికి చేయిస్తే చుక్కకి రక్షణ ఉండదు. వృషణాలు తీసేశాక కూడా మగపిల్లికి నాలుగు నుంచి ఆరు వారాలు బీజశక్తి మిగిలి ఉండొచ్చు, పైగా వీధి గండుపిల్లుల్ని ఎవరూ ఆపలేరు. మూడో దారి గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఆసుపత్రి. అక్కడ చిన్న జంతువుల శస్త్రచికిత్స విభాగం ఉంది, ఖర్చు సాధారణంగా ప్రైవేటు కన్నా తక్కువ. కానీ మీ ఊరి నుంచి గుడివాడ మీదుగా పోను రాను ఒక రోజు పడుతుంది, మొదటిసారి పరీక్ష చేసి తేదీ ఇచ్చి పంపితే మళ్లీ వెళ్లాలి, ఆపరేషన్ అయిన కూనతో అంత దూరం తిరిగి రావాలి. రెండింటికీ చేయించే వీలు మాత్రం ఆ దారిలోనే ఎక్కువ. నన్నడిగితే మొదటి దారే మేలు. మీకు బండి, తోడు ఉంటే మూడోదీ మంచిదే.

కాంపౌండరు ఇంజెక్షన్ మాత్రం ఈ దారుల్లో లెక్కలోకి రాదు. ఎద రాకుండా ఆపే హార్మోన్ మందు అది. వయసులో ఉన్న ఆడపిల్లులకి రొమ్ములు ఒక్కసారిగా బండల్లా వాచిపోవడం, గర్భసంచిలో చీము పట్టడం, మధుమేహం రావడం దానివల్ల జరుగుతాయి. చీము పట్టాక ఎలాగూ ఆపరేషనే చేయాలి, అప్పుడు ఖర్చూ ప్రమాదమూ రెండూ ఎక్కువ. మనుషుల గర్భనిరోధక మాత్రలు పొడి చేసి కలిపి పెట్టడం కూడా ఇలాంటిదే.

అత్తగారితో వాదన పెట్టుకోకండి, ఆవిడ మాటలో దయ ఉంది. పిల్లిని చంపితే కాశీకెళ్లి బంగారు పిల్లిని దానం చేయాలని విన్న తరం అది. ఒక కాన్పు అయితే ఆరోగ్యమన్నది మాత్రం నిజం కాదని చెప్పండి. పైగా ఆరు నెలల లోపు ఆపరేషన్ అయిన పిల్లులకి రొమ్ము క్యాన్సర్ ముప్పు 90 శాతం దాకా తగ్గుతుంది. ఏడాదైనా నిండని తల్లికి పుట్టే నాలుగు కూనల్ని ఎవరింట్లో పెడతామని ఆవిడనే అడగండి. గోనెసంచిలో కట్టి కాలవ గట్టున వదిలేయడం మన ఊళ్లలో జరిగే పనే. పెంచుకున్న జంతువు ఆకలిదప్పులతో అల్లాడేలా వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం కూడా. మీ వారికి ఒక్క మాట చాలు: ఎలకల్ని పట్టే గుణం గర్భసంచిలో లేదు. ఆపరేషన్ తర్వాత పిల్లి మందగించేది తిండి ఎక్కువై లావెక్కినప్పుడే. ఒంటికి కావాల్సిన శక్తి పావు వంతు దాకా తగ్గుతుంది, ఆకలి మాత్రం పెరుగుతుంది. ఎదిగే వయసు దాటాక గిన్నె కొలిచి పెట్టండి. పెరుగన్నంతో కడుపు నింపకండి, వాటికి చేప, కోడి, గుడ్డు కావాలి.

ఇక మీ భయం. అది ఊరికే వచ్చింది కాదు, మత్తులో పిల్లులు చనిపోవడం జరుగుతుంది. బరువు తూచకుండా అంచనాతో మత్తు వేయడం, కడుపు నిండా తిని ఉన్న పిల్లి మత్తులో కక్కుకుని అది ఊపిరితిత్తుల్లోకి పోవడం, ఒళ్లు చల్లబడిపోవడం, పూర్తిగా తెలివి రాకుండానే ఇంటికి పంపేయడం, లోపల రక్తం కారుతున్నా ఎవరూ గమనించకపోవడం, ఇవే ఎక్కువగా కారణాలు. రెండు కిలోల కూన ఒంట్లో ఉండేది గట్టిగా ఒక టీ గ్లాసుడు రక్తం. అందుకే డాక్టరుకి ఫోన్ చేసి కొన్ని అడగండి: ఆ రోజు మళ్లీ తూస్తారా? సెలైన్ సూది పెట్టి ఉంచుతారా? కింద వెచ్చదనానికి ఏం వాడతారు? తెలివొచ్చేదాకా పక్కన ఎవరుంటారు? నొప్పి ఇంజెక్షన్ ఇస్తారా? నెలలో ఎన్ని పిల్లులకి చేస్తారు? నిజంగా ఇవన్నీ చేసే డాక్టరు ఈ ప్రశ్నలకి విసుక్కోడు. రక్తపరీక్ష చేయిస్తానంటే ఆ డబ్బు ఖర్చు పెట్టండి.

డెల్టాలో ఇంకో ప్రమాదం ఉంది, పట్నం డాక్టరు అడగకపోవచ్చు కూడా. వానాకాలం పంట సార్వా నాట్ల ముందు, మళ్లీ రెండో పంట దాళ్వాలో పొలాల్లో సామూహికంగా ఎలకల మందు పెడతారు. బ్రోమాడయోలోన్ అనే మందు కలిపిన నూకలు అవి. ఆ మందు రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది. తిన్న ఎలక రెండు మూడు రోజులు మందకొడిగా తిరుగుతూ ఉంటుంది, పిల్లికి తేలిగ్గా దొరుకుతుంది. అలాంటి ఎలకల్ని తిన్న పిల్లి పైకి మామూలుగా ఉండి, కోత పెట్టాక రక్తం ఆగకపోవచ్చు. అందుకని ఆపరేషన్‌కి రెండు వారాల ముందు నుంచి చుక్కని గదిలోనే ఉంచండి, ఊళ్లో మందు పెట్టారా లేదా డాక్టరుకి చెప్పండి. విరుగుడుగా విటమిన్ కె1 ఉంది, గడ్డకట్టే సమయం చూసే పరీక్షా ఉంది. ముందే చెబితేనే అవి పనికొస్తాయి.

ఆ పూట తిండి సంగతి డాక్టరు చెప్పినట్టే చేయండి. పెద్ద పిల్లుల్లా రాత్రంతా పస్తు పెట్టకూడదు. నాలుగైదు నెలల కూనకి మూడు నాలుగు గంటలు చాలు, ఎక్కువైతే ఒంట్లో చక్కెర పడిపోతుంది. నీళ్లు ఆపనక్కర్లేదు. పొద్దున్నే మొదటి ఆపరేషన్‌గా పెట్టమనండి, సాయంత్రానికి తేరుకుంటుంది. సంచిలో తీసుకెళ్లకండి. కూరగాయల ప్లాస్టిక్ బుట్టలు రెండు ఒకదాని మీద ఒకటి బోర్లించి ట్యాగులతో బిగిస్తే గాలి ఆడే పెట్టె అవుతుంది.

ఇంటికొచ్చాక నేల మీదే పడుకోబెట్టండి, మంచం మీద వద్దు, తూలి పడుతుంది. నిలకడగా నడిచాక రోజూ పెట్టేదాంట్లో పావు వంతు పెట్టండి. దొడ్డి పెట్టెలో ఇసుక, ఊక తీసేసి వారం పాటు చింపిన పేపరు వేయండి. గాయం మీద పసుపు, కొబ్బరినూనె, డెటాల్ ఏవీ రాయకూడదు. నాకితే డెటాల్ విషం. నొప్పిగా ఉందని పారాసిట్‌మాల్ ఇవ్వడం అన్నిటికన్నా ప్రమాదం, సగం మాత్ర కూడా పిల్లి ప్రాణం తీస్తుంది. నాకకుండా మెడ చుట్టూ కాలరు పెట్టాలి, లేదా మీకు మిషనుంది కాబట్టి పాత బనీను చేతిని నాలుగు కాళ్లకీ కన్నాలు పెట్టి కుట్టేయొచ్చు, తోక వైపు మాత్రం వదిలేసి. రోజుకి రెండుసార్లు గాయం చూసి, ఒకే వెలుతురులో ఫొటో తీయండి. కొంచెం ఉబ్బు మామూలే. ఎరుపు రోజురోజుకీ పెరగడం, తడి, దుర్వాసన, చిగుళ్లు తెల్లబడటం, ఒక రోజంతా తినకపోవడం కనిపిస్తే తెల్లారేదాకా ఆగకండి. బయటి కుట్లయితే 10 నుంచి 14 రోజులకి తీస్తారు, అప్పటిదాకా స్నానం వద్దు. చుక్క ఒంటికి ఆసుపత్రి వాసన ఉంటుంది కాబట్టి పండు బుసలు కొట్టొచ్చు, నాలుగైదు రోజులు వేరే గదిలో ఉంచండి.

ఇవన్నీ అయ్యాక బీమా గురించి ఆలోచించండి. బజాజ్, హెచ్‌డీఎఫ్‌సీ ఎర్గో లాంటి కంపెనీలు పిల్లులకీ పాలసీలు అమ్ముతున్నాయి. తీసుకునే ముందు చూడాల్సినవి: చేర్చుకునే వయసు, నాటు పిల్లుల్ని చేర్చుకుంటారా, ఎన్ని రోజుల తర్వాత అమల్లోకి వస్తుంది, ఒక్కో జబ్బుకి ఎంత పరిమితి, బిల్లులో మన వాటా ఎంత, గుర్తింపుకి ఫొటోలు చాలా, చర్మం కింద వేసే మైక్రోచిప్ కావాలా. చిప్ కావాలంటే ఆపరేషన్ రోజు మత్తులో ఉన్నప్పుడే వేయించుకోవడం తేలిక, విడిగా నొప్పి ఉండదు. కాంపౌండరు చీటీలు క్లెయిమ్‌కి పనికిరావు, రిజిస్టర్డ్ పశువైద్యుడి బిల్లులే కావాలి.

ఒక్కటి బాగా ఆలోచించుకోండి. చాలా పాలసీల్లో ముందు మనం కట్టి, తర్వాత బిల్లులు పెట్టి తీసుకోవాలి. రేపు పండుకి మూత్రం బిగిస్తే, మగపిల్లుల్లో ఇది తరచు వచ్చేదే, ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదికొస్తుంది. ఆ రాత్రి కావాల్సింది చేతిలో నగదు. అందుకని 4,200ని పన్నెండుతో భాగిస్తే వచ్చే 350ని నెలనెలా మామూలు సేవింగ్స్ ఖాతాలో వేసుకుంటూ వెళ్లడం మీలాంటి ఇంటికి మొదటి మెట్టు. పోస్టాఫీసు ఆర్డీలో వద్దు, అది 5 ఏళ్లది, అవసరానికి చప్పున చేతికి రాదు. పండు ఆపరేషన్ కూడా ఆ డబ్బులోంచే అవుతుంది. అయితే 350లతో కాలు విరిగిన ఖర్చు తీరదు, అలాంటి పెద్ద దెబ్బకి బీమాయే ఆసరా. రెండూ పెట్టుకోగలిగిన రోజున రెండూ ఉంచుకోండి. ఏజెంటు మాట నమ్మి ఇప్పటికే కట్టేసి ఉంటే ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. వాళ్లు పట్టించుకోకపోతే బీమా నియంత్రణ సంస్థ 155255 నంబరుకి గానీ, బీమా భరోసా పోర్టల్‌లో గానీ చెప్పొచ్చు. ఆ తర్వాత హైదరాబాద్‌లో బీమా ఫిర్యాదులు విచారించే అంబుడ్స్‌మన్ ఉన్నారు.

ముందు భీమవరం డాక్టరుకి ఫోన్ చేసి పండు కళ్ల సంగతి, చుక్క బరువు చెప్పి, టీకాకి ఎప్పుడు తీసుకురావాలో అడగండి. పండుని చూపించడానికి, చుక్కకి టీకా వేయించడానికి ఒకే రోజు వెళ్లినా రెండింటినీ ఒకే బుట్టలో పెట్టకండి, జలుబు అంటుకుంటే చుక్క ఆపరేషన్ కూడా వెనక్కిపోతుంది.